టెక్సాస్‌లో టికెట్ వాయిదా తప్పినవారికి
టెక్సాస్‌లో ట్రాఫిక్ టికెట్ వాయిదాకు హాజరు కాని మనవాళ్లు తమ పేరిట వారెంటు ఉందేమోనని కౌంటీ (మన జిల్లా వంటిది) వెబ్‌సైటులో మాత్రమే వెతికి ఊరుకోకూడదు; నగర పోలీసు రాసిన టికెట్ సాధారణంగా మునిసిపల్ కోర్టుకు, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) కింది డిప్యూటీ రాసినది చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు వెళ్తాయి కనుక, టికెట్‌పై ఉన్న కోర్టు పేరు చూసి ఆ కోర్టు క్లర్కునే అడగాలి. ఇటువంటి చిన్న కేసుల్లో, హాజరు కానందుకు జారీ అయిన వారెంటు అమలయ్యేలోపు స్వయంగా వెళ్లి దానిని పరిష్కరించుకునేందుకు చిత్తశుద్ధితో ప్రయత్నిస్తే, జడ్జి దానిని వెనక్కి తీసుకోవాలని 2017లో తెచ్చిన చట్టమే చెబుతోంది. తీవ్రమైన కేసయితే ముందుగా లాయరును కలవాలి. వీసాపై ఉన్నవారు ఇమిగ్రేషన్ లాయరును కూడా అడగకుండా నేరం ఒప్పుకోరాదు. గిఫ్ట్ కార్డులతో డబ్బు కడితే వారెంటు పోతుందని ఫోన్ చేసేవాడు, షెరీఫ్ పేరు చెప్పినా సరే, మోసగాడే.