టీకా కార్డు చదవడం నేర్చుకుందాం – 5: అచ్చు వేయని గడి

పోయిన పాఠంలో నేను పెంటావేలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) గురించి రాస్తూ ‘కామెర్ల టీకా కూడా ఇందులోనే ఉంది’ అన్నాను. ఆ వాక్యం ఎంత చేటు చేసిందో మీ జవాబులు చూశాక తెలిసింది. హెపటైటిస్-ఎ టీకా ఎప్పుడు వేయించారన్న ప్రశ్నకు చాలామంది పెంటావేలెంట్ తేదీలు మూడూ రాసి పంపారు. గాజువాక నుంచి ఒక తల్లి బిడ్డ పుట్టిన తేదీనే రాశారు. తప్పు నా వాక్యానిదే. అందుకే ఈసారి చెప్పాలనుకున్న టైఫాయిడ్‌ను వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

కామెర్లు జబ్బు పేరు కాదు, కాలేయం దెబ్బతిన్నదని చెప్పే గుర్తు. హెపటైటిస్-బి రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి వస్తుంది. దాని టీకా పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావేలెంట్‌లో కలిపి వేస్తారు. హెపటైటిస్-ఎ నోటి ద్వారా, మలంతో కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వస్తుంది. ఒకదాని టీకా రెండోదాన్ని ఆపదు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో హెపటైటిస్-ఎ లేదు కాబట్టి ఆ కార్డులో దానికి గడి లేదు. ఖాళీ గడి కనిపిస్తే ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు) అడుగుతారు, మీరూ కంగారు పడతారు. గడే లేకపోతే అడిగేవారెవరు? కార్డు వెనక ఖాళీ చోట ఎర్ర సిరాతో గీత గీసి ‘హెప్-ఎ’ అని రాయండి. నేను అలాగే చేస్తాను.

ఆరేళ్లలోపు పిల్లల్లో హెపటైటిస్-ఎ ఎక్కువగా కళ్లు పచ్చబడకుండానే వచ్చి పోతుంది. ఆ బిడ్డ నుంచి ఇంట్లో పెద్దవాళ్లకు అంటుకుంటే మంచం పట్టేది వాళ్లే. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 15 నుంచి 50 రోజులు, సగటున 28 రోజులు పడుతుంది. నిన్న సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో తిన్న మురీ మిక్స్చర్‌ను ఈ ఉదయం కళ్లు పచ్చబడ్డాయని తిట్టకండి. నెల కిందట ఎక్కడ నీళ్లు తాగారో గుర్తు చేసుకోండి. వానాకాలంలో మురుగు కాలువ పక్కనుంచి వచ్చే కుళాయి గొట్టం మీ వీధిలో ఉంటే నీళ్లు బాగా మరగనివ్వండి. చేతులకు సబ్బే వాడండి, శానిటైజర్‌ను ఇక్కడ నమ్మలేం.

ఇక మీరు పదేపదే తడబడే చోటు. హెపటైటిస్-ఎ నిర్జీవ టీకా (చంపిన వైరస్‌తో చేసింది) రెండు మోతాదులు. మొదటిది ఏడాది నిండాక, రెండోది కనీసం ఆరు నెలల తర్వాత. ‘కనీసం’ అన్న మాట కింద గీత గీయండి. ఆరు నెలలకు ముందు వేస్తే చెల్లదు, తర్వాత ఎప్పుడు వేసినా చెల్లుతుంది. ఏడాది ఆలస్యమైందని మొదటి మోతాదు మళ్లీ వేయించకండి. రెండేళ్లు ఆలస్యమైనా మొదటిది మళ్లీ వేయించకండి. కార్డు పోయి కొత్తది వచ్చినా, ఊరు మారినా, డాక్టరు మారినా, మొదటి మోతాదు తేదీకి ఆధారం ఉంటే అది లెక్కలోకే వస్తుంది. మిగిలిన ఒక్కటి వేయిస్తే చాలు. సజీవ టీకా (బలహీనపరిచిన వైరస్‌తో చేసింది) అయితే ఒక్క మోతాదే. అందుకే తేదీ పక్కన టీకా పేరు కూడా రాయించుకోండి. సీసా మీది చీటీ అతికిస్తే మరీ మంచిది.

పసరు మందు గురించి అడిగారు. ఈ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, పేరు పసరుకు వస్తుంది. చేతి మీద వాతలు మాత్రం దయచేసి పెట్టించకండి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, వాంతులు ఆగకపోయినా, ఎక్కడైనా రక్తం కారినా వెంటనే విశాఖలోని కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి.

అభ్యాసం: ముగ్గురు పిల్లల ఎర్ర గీతలు నింపండి. మొదటి బిడ్డకు నిర్జీవ టీకా 14-8-2024న వేశారు, తల్లికి రెండోది 2025 నవంబరులో గుర్తొచ్చింది. రెండో బిడ్డకు తేదీ ఉంది, టీకా పేరు లేదు. మూడో బిడ్డకు ఎనిమిదేళ్లు, నిరుడు కామెర్లు వచ్చాయి, రక్త పరీక్ష చేయించలేదు. ప్రతి జవాబుకూ కారణం రాయండి. రెండో బిడ్డ విషయంలో ఊహించి రాయకండి, టీకా వేసిన చోటికి వెళ్లి ఏం అడుగుతారో ఆ ప్రశ్న రాయండి.