ఫొటోగ్రాఫర్‌కి చట్టం, 4వ పాఠం: అడ్వాన్సు నాన్నది, ముఖం అమ్మాయిది

పోయిన పాఠంలో నేను రాసిన ఒక వాక్యం కొందరి కొంప ముంచింది. "ఫొటో తీసినవాడే దాని కర్త" అన్నాను. మాట నిజమే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 2(డి) అదే చెబుతుంది. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని మీరు పెళ్లివారి మీదికి వెళ్లారు. ఒకాయన ఆల్బమ్ ఇచ్చేశాక "కాపీరైట్ నాది, పెన్‌డ్రైవ్ కావాలంటే ఇంకో పదిహేను వేలు" అన్నాడట. ఇంకొకాయన పెళ్లికూతురి క్లోజప్‌ని పన్నెండడుగుల ఫ్లెక్సీ చేసి షాపు ముందు కట్టాడు. మూడోరోజు అమ్మాయి అన్న వచ్చి ఫ్లెక్సీ పీకేసి, పద స్టేషన్‌కి అన్నాడు. ఇద్దరూ నాకే ఫోన్ చేశారు.

తప్పు సగం నాదే. కర్త వేరు, యజమాని వేరు. అది అందరికీ తెలిసిందేలే అనుకుని దాటేశాను. అందుకని ఈసారి ఇస్తానన్న వాటర్‌మార్క్ పాఠం వెనక్కి జరిగింది.

సెక్షన్ 17 చూడండి. మామూలుగా కర్తే మొదటి యజమాని. మీ సరదా కొద్దీ తెల్లారగట్ల కొల్లేరు వెళ్లి కొంగల్ని తీసుకొస్తే ఆ ఫొటోలు మీవే, అందులో పేచీ లేదు. కానీ ఎవరైనా డబ్బిచ్చి, తీయమని చెప్పి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. పెళ్లి, ఓణీల ఫంక్షన్, బారసాల, షష్టిపూర్తి, చివరికి పాస్‌పోర్టు ఫొటో కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మీరు స్టూడియోలో నెల జీతానికి పనిచేస్తుంటే, పనిలో భాగంగా తీసినవి ఓనరువి. పత్రిక ఉద్యోగుల లెక్క కొంచెం వేరు, అది ఇప్పుడొద్దు.

పెన్‌డ్రైవ్ ఆయనకి ఏం చెప్పానంటే: కాపీరైట్ వాళ్లదే. రా ఫైళ్లు ఇవ్వాలా, ఎడిట్ చేసినవే ఇవ్వాలా అన్నది మాత్రం ముందు మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది. ఆయన కొటేషన్ తెప్పించి చూస్తే "అన్ని ఫొటోలూ పెన్‌డ్రైవ్‌లో" అని ఆయన చేతిరాతే ఉంది. ఇంక వాదనేముంది, ఇచ్చేయమన్నాను.

మరి మనకేం మిగిలినట్టు అని నిరాశపడకండి. సెక్షన్ 57 ఉంది. యజమాని ఎవరైనా, ఆ ఫొటో తీసింది నేనని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. దాని మీద ఇంకో స్టూడియో పేరు వేస్తే నిలదీయొచ్చు. మీ పరువు పోయేలా ఫొటోని వికృతం చేసినా అంతే.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. బిల్లు వెనక ఎర్ర అక్షరాలతో అచ్చు వేయిస్తారే, "ఫొటోలపై సర్వహక్కులు స్టూడియోవి" అని, ఆ లైను. బిల్లు ఎప్పుడిస్తారు మీరు? పెళ్లయి, ఆల్బమ్ ప్రింటయి, బ్యాలెన్సు తీసుకునేటప్పుడు. అప్పటికి మూడు నెలలు గడిచాయి. షట్టర్ పడ్డప్పుడే ఆ ఫొటో వాళ్లదైపోయింది. ఇప్పుడది మీ చేతికి రావాలంటే వాళ్లు మీకు బదిలీ చేయాలి. బదిలీ కాగితం మీద ఉండాలి, హక్కు ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఇది సెక్షన్ 19. మీ బిల్లు మీద ఎవరి సంతకం ఉంది? మీది! అంటే వాళ్ల ఆస్తిని మీకు మీరే రాసేసుకున్నారన్నమాట. పోనీ, పాపం వాళ్లు కూడా సంతకం పెట్టారనుకోండి. ఎన్నేళ్లకో రాయలేదు కాబట్టి అయిదేళ్లే. ఎక్కడెక్కడో రాయలేదు కాబట్టి భారతదేశం వరకే. ఆ ఎర్ర సిరా ఖర్చు దండగ. ఒప్పందం అడ్వాన్సు తీసుకునే రోజే జరగాలి.

సరే, అడ్వాన్సు రోజే సంతకం తీసుకున్నారు. ఎవరి చేత? అమ్మాయి నాన్న చేత. కాపీరైట్ వరకు ఆయన సంతకం చాలు, తీయమన్నదీ డబ్బిచ్చిందీ ఆయనే కాబట్టి. కానీ ఫ్లెక్సీ మీద ఉన్న ముఖం ఆయనది కాదు. 1994లో రాజగోపాల్ కేసులో (ఆటో శంకర్ కేసు అంటే పెద్దవాళ్లు గుర్తుపడతారు) సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది: ఒక మనిషి పేరుగానీ రూపంగానీ ఆ మనిషి ఒప్పుకోకుండా ప్రకటనకి వాడుకుంటే అది గోప్యతకి భంగమే. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. షాపు ముందు ఫ్లెక్సీ ప్రకటన కాక మరేమిటి? ఇన్‌స్టా రీలూ అంతే.

నేనూ శుద్ధపూసనేం కాదు. ఫిల్ము రీలు కెమెరాల కాలంలో ఓ చంటిపాప ఫొటో షోకేసులో పెట్టాను. పాప వాళ్లమ్మ వచ్చి, దిష్టి తగులుతోంది తీసేయమంది. చట్టం నాకు తెలియదు, ఆమెకీ తెలియదు. తీసేశాను. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగండి, పద్దెనిమిది నిండినవారైతే వాళ్లనే అడగండి.

మేకప్ గదిలో చీర కట్టుకుంటుండగా తీసే షాట్లు నేను ఒప్పుకోను. మీ ఇష్టం మీది. కానీ భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) సెక్షన్ 77 ఒకసారి చదువుకోండి. స్త్రీ ఏకాంతంగా, ఒంటిమీద సరిగ్గా బట్టల్లేకుండా ఉన్నప్పటి ఫొటో తీయడానికి తనే ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడు దోషి. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు.

నా కొటేషన్‌లో రెండు లైన్లు విడివిడిగా ఉంటాయి. తీయించుకునేవారికి: "ఈ ఫొటోల కాపీరైట్ మొదటి నుంచీ ఫొటోగ్రాఫర్‌దేనని, మా ఇంటి అవసరాలకి వీటిని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని ఒప్పుకుంటున్నాం." దాని కింద డబ్బిచ్చేవారి సంతకం. రెండోది పెళ్లికొడుక్కి ఒకటి, పెళ్లికూతురికి ఒకటి: "నా ఫొటోలు స్టూడియో ప్రచారానికి వాడుకోవచ్చు / వాడకూడదు." ఒకటి కొట్టేసి సంతకం పెట్టాలి. సగంమంది మొదటిదే కొట్టేస్తారు. కొట్టేయనివ్వండి.

అభ్యాసం. మీ షాపు గోడ, పేజీ, స్టేటస్, విజిటింగ్ కార్డు, అన్నిచోట్లా మీరు పెట్టిన ప్రతి ఫొటోకీ నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: తీసిందెవరు, డబ్బిచ్చిందెవరు, ఉన్నదెవరు. మూడో గడిలో ఉన్నవారి అనుమతి మీ దగ్గర లేకపోతే ఫోన్ చేసి అడగండి. అయిదేళ్ల కిందటి పెళ్లైనా సరే. కొన్ని జంటలు ఇప్పుడు కలిసి ఉండకపోవచ్చు, అందుకని ఇద్దరికీ విడిగా చేయండి. వద్దంటే ఎందుకని అడక్కండి, ఆ పూటే తీసేయండి.