పసిబిడ్డతో తొలిసారి బయటికి వెళ్లడం, ఆ రోజులను దాచుకోవడం ఎలా?

మా అమ్మాయిని తొలిసారి బయటికి తీసుకువెళ్లిన రోజున సిద్ధం కావడానికే మాకు గంటన్నర పట్టింది. గుమ్మం దాటబోతుంటే డైపర్ తడిసింది. అది మార్చేసరికి ఆకలి ఏడుపు మొదలైంది. పాలు తాగాక నా భుజం మీద కక్కింది. నేను చొక్కా మార్చుకుని వచ్చేలోపు నిద్రపోయింది. చివరికి వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాము. బయట గడిపినది 12 నిమిషాలు. ఆ పూట అది ఓటమిలా తోచింది గానీ, పసిబిడ్డతో తొలి ప్రయాణం అంతకన్నా పెద్దదిగా ఉండనవసరం లేదని తరువాత అర్థమైంది.

పెద్దలకు గుర్తుండే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడేళ్ల వయసు నాటివో, ఆ తరువాతివో అయి ఉంటాయి. కాబట్టి ఈ తొలి ప్రయాణాల్లో ఏదీ బిడ్డకు గుర్తుండదు; గుర్తుంచుకోవలసింది మీరే. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటే బిడ్డకు ఏవేవో చూపించాలన్న ఆరాటం తగ్గి ప్రయాణం చిన్నదవుతుంది, జ్ఞాపకాలు దాచే పని కూడా రేపటికి వాయిదా పడకుండా ఆ రోజే జరుగుతుంది.

1. ముందు ఇద్దరి ఆరోగ్యం చూసుకోండి

నెలలు నిండి పుట్టి, పాలు బాగా తాగుతూ ఆరోగ్యంగా ఉన్న బిడ్డను వారాల తరబడి గదిలోనే ఉంచవలసిన అవసరం వైద్యపరంగా లేదు. ఎండ తగ్గిన వేళ, జనం లేని చోట ఆరుబయట కాసేపు తిప్పవచ్చు. జాగ్రత్త పడవలసింది మూసి ఉన్న, కిక్కిరిసిన చోట్ల విషయంలో. చాలా దేశాల్లో కోరింత దగ్గు వంటి జబ్బులను అడ్డుకునే తొలి విడత టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేస్తారు. కనీసం అప్పటిదాకా వేడుకలు, రద్దీ దుకాణాలు, దగ్గు జలుబు ఉన్నవారి ఇళ్లు మానుకోవడం మేలు. నెలలు నిండకుండానో, తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం ఎప్పుడు బయటికి తీసుకురావచ్చో పిల్లల డాక్టరునే అడగండి.

మూడు నెలల లోపు బిడ్డకు ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రయాణం సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ వయసులో జ్వరాన్ని ఇంట్లో ఉండి కనిపెట్టుకుని చూడడం తగదు.

ఇక తల్లి సంగతి. అందరూ బిడ్డ గురించే అడుగుతారు కనుక ఇది తరచు మరుగున పడుతుంది. ప్రసవం తరువాత రక్తస్రావం ఆరు వారాల దాకా కొద్దికొద్దిగా సాగవచ్చు. గంటకే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే అది మామూలు విషయం కాదు, డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్ జరిగిన తల్లి బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. అంటే కారులో బిడ్డను కూర్చోబెట్టే శిశుసీటు, స్ట్రోలర్ (బిడ్డను తోసుకెళ్లే బండి), సంచి మరొకరి చేతుల్లో ఉండాలి. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామందికి జరిగేదే. ఆ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది ఆరుబయట నడకతో తీరేది కాదు, వైద్యసాయం కావాలి.

2. గమ్యాన్ని కాదు, రెండు పాలపూటల మధ్య ఖాళీని ఎంచుకోండి

పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒకసారి పాలు పట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి మళ్లీ మొదలుపెట్టే దాకా లెక్కిస్తే సుమారు రెండు మూడు గంటలు వస్తాయి. అందులో తాగడానికి, త్రేన్పించడానికి, డైపర్ మార్చడానికి పోయేది పోగా మీ చేతిలో మిగిలేది గంటకు అటూ ఇటూగా ఉంటుంది. మొదటిసారి అందులోనూ 15, 20 నిమిషాలే వాడుకోండి. రెండు మూడు సార్లు ఇలా వెళ్లివచ్చాక బిడ్డ ఎప్పుడు చిరాకుపడుతుందో, ఎప్పుడు నిద్రలోకి జారుతుందో మీకే తెలుస్తుంది. అప్పుడు దూరం పెంచుకోవచ్చు.

3. సంచి ముందురోజు రాత్రే సర్దండి

బయట గడిపే ప్రతి రెండు గంటలకు ఒక డైపర్, పైన మరో రెండు; బిడ్డకు రెండు జతల బట్టలు; కింద పరవడానికి ఒక గుడ్డ; తుడవడానికి మెత్తటి గుడ్డలు; మురికైనవి వేయడానికి ఒక ప్లాస్టిక్ సంచి; బిడ్డను ఎత్తుకునేవారికి అదనంగా ఒక చొక్కా. చివరిదాన్ని అందరూ మరచిపోతారు, నేను రెండుసార్లు మరచిపోయాను.

తల్లిపాలు నేరుగా పట్టేవారికి ఒక దుప్పట్టా చాలు. పిండి తీసిన పాలైతే, గది వేడి 25 డిగ్రీలు మించనప్పుడు నాలుగు గంటల దాకా ఉంటాయి. ఎండ వేళల్లో మంచు ప్యాకులున్న డబ్బాలో పెట్టుకోవాలి. పొడి పాలు కలిపాక రెండు గంటల్లో వాడాలి, బిడ్డ తాగడం మొదలుపెట్టాక గంట దాటితే మిగిలినవి పారబోయాలి. అందుకే కలిపిన పాలు మోసుకెళ్లే బదులు, మరిగించిన వేడినీళ్లు శుభ్రమైన ఫ్లాస్కులో, కొలిచిన పొడి వేరే డబ్బాలో తీసుకెళ్లి, అక్కడే కలిపి చల్లార్చి పట్టడం నయం. ఆరు నెలల లోపు బిడ్డకు ఎండలోనైనా మంచినీళ్లు పట్టకూడదు, దాహానికీ పాలే.

4. బట్టలు, ఎండ

మీకు ఎన్ని పొరల బట్టలు అవసరమో బిడ్డకు అంతకన్నా ఒకటి ఎక్కువ వేయండి. ఉక్కపోత రోజుల్లో ఆ అదనపు పొర కూడా అక్కరలేదు. చేతులు, పాదాలు పట్టుకుని చూసి చలి అనుకోవద్దు, పసివారికి అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనుక వేళ్లు పెట్టి చూడండి: చెమటగా ఉంటే ఒక పొర తీయాలి.

ఆరు నెలల లోపు సన్‌స్క్రీన్ కన్నా నీడే సరైన రక్షణ. అయితే ఎండ పడుతోందని స్ట్రోలర్ మీద దుప్పటి కప్పేయడం చూడటానికి శ్రద్ధగా కనిపించే ప్రమాదకరమైన పని. పలుచని గుడ్డ కప్పినా లోపల గాలి ఆడక వేడి వేగంగా పెరుగుతుంది, బిడ్డ ముఖం కూడా మీకు కనిపించదు.

5. మోసే పద్ధతి

పసిబిడ్డకు మెడ నిలవదు. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే శ్వాసనాళం నొక్కుకుపోతుంది, పైగా ఆ స్థితిలో ఏడ్చి చెప్పే శక్తి బిడ్డకు ఉండదు. బిడ్డను ఒంటికి కట్టుకుని మోసే క్యారియర్‌లో కూర్చోబెట్టాక గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి చూడండి. ఆ మేరకు సందు ఉండాలి. తల మీ పెదవులకు అందేంత ఎత్తున, ముఖం గుడ్డ మడతల్లో కూరుకుపోకుండా, ముక్కు ఎప్పుడూ మీకు కనిపిస్తూ ఉండాలి. మోకాళ్లు పిరుదులకన్నా కాస్త పైకి వచ్చి, తొడలకు కింది నుంచి ఆసరా ఉంటే తుంటి కీళ్లకు మంచిది.

కారులో వెనుకవైపుకు తిరిగి ఉండే శిశుసీటు తప్ప మరేదీ, ఒడి కూడా, పనికిరాదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో దాన్ని పెట్టకూడదు. మందపాటి కోటు వేసి పైన బెల్టు బిగిస్తే అది నిజానికి వదులుగానే ఉంటుంది. కోటు తీసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. రెండు గంటలకు మించి ఒకే బిగిన కూర్చోబెట్టకుండా ఆగి ఎత్తుకోండి. చేరాక నిద్రలో ఉన్నా సరే, సీటులోంచి తీసి చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలవద్దు.

6. ఎత్తుకుంటామనేవారితో ఏమనాలో ముందే అనుకోండి

ముట్టుకునేవారు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. ముద్దులు వద్దు, ముఖ్యంగా పెదవి మీద హెర్పిస్ నీటిపొక్కు ఉన్నవారు దగ్గరికి రాకూడదు, ఎందుకంటే పెద్దలకు చిన్న ఇబ్బందిగా పోయే ఆ వైరస్ పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఈ మాట పెద్దవాళ్లతో చెప్పడం కష్టమే. “ఈ నెలంతా ఎవరినీ ముద్దు పెట్టుకోనివ్వవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారండీ” అనే వాక్యాన్ని మేమిద్దరం కంఠస్థం చేసుకున్నాము. ఎవరి వైపు బంధువులకు వారే చెప్పాలన్నది మా ఒప్పందం. దానివల్ల సగం మనస్పర్థలు తప్పాయి.

7. వెనక్కి తిరిగే గుర్తులు

ఏడుపు ఆఖరి గుర్తు. అంతకు ముందే బిడ్డ ముఖం పక్కకు తిప్పుకుంటుంది, వేళ్లు విప్పార్చుతుంది, వెక్కిళ్లు వస్తాయి, ఆవలిస్తుంది. వీటిలో రెండు కనబడితే ఇంటికి బయలుదేరడమే. ఇద్దరిలో ఎవరు “వెళ్దాం” అన్నా రెండోవారు కారణం అడగకూడదని ముందే అనుకోండి.

8. అదే రోజు రాసిపెట్టండి

ఫొటోలు ఎలాగూ వందల కొద్దీ తీస్తారు. తక్కువగా మిగిలేవి మాటలు. తిరిగి వచ్చాక పడుకునేలోపు తేదీ వేసి మూడు నాలుగు వాక్యాలు రాయండి: ఎక్కడికి, ఎంతసేపు, ఏమి జరిగింది. “ముద్దుగా ఉంది” అని రాస్తే పదేళ్ల తరువాత ఏమీ గుర్తురాదు. మా పుస్తకంలో తొలి పేజీ ఇదీ: “వీధి మలుపు దాకా. గాలి తగలగానే కళ్లు చిట్లించి ముక్కు ముడిచింది. నా చొక్కా పట్టుకుని వదలలేదు. ఇంటికి రాగానే ముగ్గురం నిద్ర.” ఆ చొక్కా పట్టుకోవడం నిజానికి పుట్టుకతో వచ్చే అసంకల్పిత చర్య, ఐదారు నెలలకు పోతుంది. అది పోయాక ఆ వాక్యానికి విలువ పెరిగింది.

పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనబడతాయి; ఒడిలో పడుకుంటే మీ ముఖం ఉండే దూరం అది. అక్కడ ఫోను పెడితే బిడ్డ చూసేది ఫోనునే. అందుకే దగ్గరి ఫొటోలను మరొకరు తీయాలి. కిటికీ పక్క నుంచి వచ్చే వెలుతురు చాలు, ఫ్లాష్ అవసరం లేదు. బుట్టల్లో, ఎత్తైన వాటి మీద పడుకోబెట్టి భంగిమలు పెట్టే ప్రయత్నం చేయవద్దు. ఫొటోలు తీసేవారు ఎప్పుడూ ఫొటోల్లో ఉండరు కనుక, ప్రతి ప్రయాణంలోనూ ఫోను ఒక్కసారైనా చేతులు మారాలి. తల్లి నలిగిన బట్టల్లో ఉన్నానని తప్పుకున్నా ఒప్పించండి. ఒక నిమిషం ఏడుపునూ, పాలు తాగేటప్పటి గుటకల చప్పుడునూ రికార్డు చేయండి. ఆ గొంతు కొన్ని వారాల్లోనే మారిపోతుంది.

పాదముద్ర తీయదలచుకుంటే పసివారికి హాని చేయని, నీటితో పోయే రంగు తీసుకుని, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు అట్ట మీద అంటించిన కాగితాన్నే పాదానికి అద్దండి. అరచేతి ముద్ర కష్టం. తాకగానే పిడికిలి బిగుసుకుంటుంది.

బయటివారికి పంపే ఫొటోల్లో ఆసుపత్రి చేతిపట్టీ, పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇంటి గుర్తులు కనబడకుండా చూసుకోండి. ఫోనులోని స్థల సమాచారాన్ని ఆపేయండి. నెలకొకసారి ఫొటోల్లో పది మంచివి ఏరి, ఫోనులో కాక వేరే రెండు చోట్ల దాచండి, వాటిలో రెండింటిని అచ్చు వేయించండి. అచ్చు వేసిన ఫొటో వెనుక తేదీ, ఉన్నవారి పేర్లు, తీసినవారి పేరు పెన్సిలుతో మెల్లగా రాయాలి; పెన్ను సిరా ముందువైపుకు ఊరవచ్చు.