ఎడారి ఎండల్లో పూల పొదలకు కత్తెర పెట్టే ముందు జాగ్రత్తలు

మొదట కాలం చూసుకోవాలి. మంచు భయం తొలగాక, ఎండలు ముదరక ముందే పెద్ద కత్తిరింపులు ముగించాలి. నడివేసవిలో ఆకుల నీడ తీసేస్తే, అంతవరకు ఎండ ఎరుగని కొమ్మల బెరడు కమిలి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలో పురుగు చేరుతుంది.

ముందురోజు సాయంత్రం వేళ్లు తడిసేలా నీరు పెట్టి, తెల్లవారగానే పని మొదలుపెట్టాలి. కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి.

గన్నేరు దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు. దాని ప్రతి భాగమూ విషమే కాబట్టి చేతితొడుగులు, కళ్లద్దాలు, నిండుచేతుల చొక్కా ధరించాలి. నరికిన కొమ్మలను పశువులకు అందనీయరాదు, పొగ కూడా హానికరం కనుక కాల్చరాదు.

కాగితపు పూల తీగ కొత్త చిగుళ్లకే పూస్తుంది కనుక వెనకాడనక్కరలేదు, ముళ్లను చూసుకుంటే చాలు. ఏ పొదనైనా ఒక్కసారికి మూడోవంతుకు మించి తీయరాదు. బంతిలా గుండ్రంగా చెక్కితే, చూపుకు ముచ్చటేమో గాని, మొగ్గలే పోతాయి.