మెగా మ్యాన్ బ్యాటిల్ నెట్‌వర్క్‌లో పనికొచ్చే ఫోల్డర్ ఎలా పేర్చుకోవాలి?

రమ్మీ వచ్చినవాళ్లకు ఈ ఆట సగం వచ్చినట్టే. అక్కడ ముక్కలు, ఇక్కడ చిప్‌లు, అంటే యుద్ధంలో వాడే దాడులు, సాయాలు. క్యాప్‌కామ్ 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద మొదలుపెట్టిన ఈ సిరీస్‌లో ప్రధాన భాగాలు ఆరు. 2023లో లెగసీ కలెక్షన్ వచ్చాక స్విచ్, పీఎస్4, పీసీల్లోనూ ఆడుకోవచ్చు. ఫోల్డర్ అంటే మనం యుద్ధానికి పట్టుకెళ్లే చిప్‌ల కట్ట; అందులో 30 చిప్‌లు పెట్టాలి. యుద్ధం మొదలవగానే అందులోంచి ఐదు చేతికి పడతాయి.

1. ముందు కోడ్ చూడండి

ప్రతి చిప్ మీద ఒక అక్షరం, లేదా * గుర్తు ఉంటుంది; అదే దాని కోడ్. ఒకే పేరున్నవో, ఒకే అక్షరమున్నవో అయితేనే కలిపి వాడగలం. * మన జోకర్; ఏ అక్షరంతోనైనా కలుస్తుంది. నేను మొదట్లో బలమైన చిప్‌లన్నీ ఏరి ఫోల్డర్‌లో కుక్కాను. ఐదు పడితే ఐదూ ఐదు అక్షరాలు! ఒక్కటి వాడి, మిగతావాటిని చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. కాబట్టి రెండు, మహా అయితే మూడు అక్షరాలకే కట్టుబడండి.

2. ఒక ప్రోగ్రామ్ అడ్వాన్స్ ఎంచుకోండి

కొన్ని చిప్‌లను వరసగా ఎంచుకుంటే అవి కలిసి ఒక పెద్ద ఆయుధమవుతాయి; దాన్నే ప్రోగ్రామ్ అడ్వాన్స్ అంటారు. క్యానన్ A, B, C పడితే జీటా క్యానన్. అచ్చం సీక్వెన్స్ కలిసినట్టే. నాకు మాత్రం లైఫ్ సోర్డ్ ఇష్టం. సోర్డ్, వైడ్ సోర్డ్, లాంగ్ సోర్డ్ మూడూ ఒకే కోడ్‌లో, అదే వరసలో ఎంచుకోవాలి.

3. ఎన్ని కాపీలు పెట్టాలో లెక్కేయండి

మూడు కత్తులూ ఒక్కొక్కటే పెడితే, మొదటి చేతిలోనే మూడూ పడేది దాదాపు 406 యుద్ధాలకు ఒక్కసారి. మూడో భాగంలో ఒకే పేరున్న చిప్‌లు నాలుగు దాకా పెట్టనిస్తారు. మూడింటినీ నాలుగేసి పెట్టి, సోర్డ్‌ను రెగ్యులర్ చిప్‌గా గుర్తు పెట్టండి (రెండో భాగం నుంచి వచ్చిన సౌకర్యం ఇది, ఆ చిప్ మొదటి చేతిలో తప్పకుండా పడుతుంది). అప్పుడు వందకు సుమారు 19 సార్లు మొదట్లోనే లైఫ్ సోర్డ్ కలుస్తుంది. పన్నెండు చిప్‌లు కత్తులకే పోయాయేమిటి అనిపిస్తుంది కానీ, విడిగానూ అవి పనికొస్తాయి.

4. ఏరియా గ్రాబ్ మరవొద్దు

మైదానంలో మనకు 9 గళ్లు (మూడేసి గళ్ల నిలువు వరసలు మూడు), శత్రువుకు 9. లైఫ్ సోర్డ్ మన ముందున్న రెండు నిలువు వరసలను నరుకుతుంది. శత్రువు చివరి వరసలో నిలబడితే తగలదు. ముందు ఏరియా గ్రాబ్ అనే చిప్ వాడితే వాడి మొదటి వరస మనదవుతుంది. అందులోకి అడుగేసి కత్తి తిప్పితే మిగిలిన రెండు వరసలూ దెబ్బ పరిధిలోకి వస్తాయి. వాడికి దాక్కోను చోటుండదు. ఒక చిక్కుంది: శత్రువు ఆ మొదటి వరసలోనే ఉంటే, వాడు నిలబడ్డ గడి మనకు రాదు. కాస్త ఆగి, వాడు వెనక్కి జరిగాక వేయండి. ఏరియా గ్రాబ్ * కోడ్‌లో దొరికితే వదలకండి.

5. మిగతా ఖాళీలు

ప్రాణం నింపే రికవరీలు రెండు మూడు, కాసేపు దెబ్బ తగలకుండా చేసే ఇన్విజిబుల్ ఒకటో రెండో చాలు. బలమైన మెగా చిప్‌లు మూడో భాగంలో మామూలుగా ఐదు, అంతకన్నా బలమైన గిగా ఒకటి పెట్టనిస్తారు. అవి కూడా మీ అక్షరంలో ఉంటేనే పెట్టండి.

ఇక ఏదైనా చిన్న వైరస్ (ఆటలో మామూలు శత్రువు) గుంపు మీద పదిసార్లు ఆడి చూడండి. ప్రతిసారీ చేతిలో వాడకుండా మిగిలిపోతున్న చిప్ ఏదో తెలిసిపోతుంది. దాన్ని తీసి, ఆటలో చిప్‌లు మార్చి ఇచ్చే చిప్ ట్రేడర్ యంత్రంలో పడేయండి. మూడు వేస్తే ఒకటి ఇస్తుంది.