కరకరలాడే చేప శాండ్‌విచ్ ఇంట్లోనే

దీనికి కొర్రమీనుని మించింది లేదు. మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. వరంగల్‌లో ఆదివారం పొద్దున్నే మార్కెట్‌కి వెళ్తే, కొట్టించేటప్పుడే నడిముల్లు తీసేసి, అరంగుళం మందంలో పలకల్లా కోసివ్వమని అడగండి. రవ్వ, బొచ్చె చేపల్లో సన్నముళ్లు ఎక్కువ, బ్రెడ్ మధ్యలో పెట్టాక అవి కనిపించవు, పిల్లలకు అస్సలు పెట్టొద్దు.

ఉప్పు, కారం, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి, కొంచెం నిమ్మరసం పట్టించి 15 నిమిషాలు ఉంచితే చాలు, ఎక్కువసేపు నిమ్మరసంలో ఉంటే ముక్క విరిగిపోతుంది. తర్వాత తడి అంతా బట్టతో అద్దేయండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది, తడి ఉంటే పైపూత నూనెలో ఊడిపోతుంది. ముందు పొడి కార్న్‌ఫ్లోర్, తర్వాత గిలక్కొట్టిన గుడ్డు, ఆపైన బ్రెడ్ పొడి లేదా బొంబాయి రవ్వ గట్టిగా అద్ది, 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

నూనెలో చిటికెడు బ్రెడ్ పొడి వేస్తే వెంటనే బుసబుసా పైకి తేలాలి, అంటే దాదాపు 180 డిగ్రీలు. ఒక్కసారికి రెండు ముక్కలే వేయండి, ఎక్కువ వేస్తే నూనె చల్లారి ముక్కలు జిడ్డు పీలుస్తాయి. మూడు నాలుగు నిమిషాల్లో చిటపట తగ్గి బంగారు రంగు వస్తుంది. తీసి జాలీ మీద పెట్టండి. పేపర్ మీద పెడితే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది.

బ్రెడ్‌ని లోపలివైపు వెన్నతో కాల్చి, గట్టి కొత్తిమీర చట్నీ, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ పెట్టి వెంటనే తినేయండి. టిఫిన్ బాక్సుకైతే చట్నీ విడిగా పెట్టాలి.