తడి మెట్ల మీద ఎవరూ జారకుండా చూసుకోవడం

ఇరవై ఏళ్లుగా మేస్త్రిగా పనిచేస్తున్నాను. ప్రమాదం అనగానే అందరూ పరంజా వైపు చూస్తారు. నేను ముందు మెట్లు చూస్తాను. కొత్త మెట్లకు కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి కదా, ఆ నీటిలో సిమెంటు పాలు కలిసి మెట్టు అంచున సన్నని జిగట పొరలా పేరుకుంటాయి. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషికి తన పాదాలు కనబడవు. మా సైటులో ఒక అక్క నాలుగో మెట్టు మీద అలాగే జారి మణికట్టు విరిగింది. ఆ ఎముక చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

అందుకే మెట్లకు నీళ్లు సాయంత్రం, కూలీలు దిగిపోయాక పట్టించండి. పొద్దున బరువు ఎక్కించేముందు గట్టి చీపురుతో రుద్ది, నీరు పూర్తిగా ఊడ్పించండి. పగలు తడపక తప్పకపోతే ఆ మెట్లకు అడ్డంగా కర్ర కట్టి దారి మూసేయండి. మెట్లకు గోడ లేని వైపు సరుగుడు కర్రలతో నడుము ఎత్తున రెయిలింగ్ కట్టించండి. సెంట్రింగ్ రేకులకు (కాంక్రీటు పోయడానికి అచ్చుగా పెట్టే రేకులు) రాసిన ఆయిల్ నేల మీద ఒలికితే వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తించండి. అడుగు అరిగిన హవాయి చెప్పులతో ఎవరినీ పైకి పంపకండి.

ఎవరైనా పడితే చేయి పట్టి లాగకండి. మెడ, వెన్ను నొప్పి అంటే కదిలించకుండా 108కి ఫోను చేయండి.

ఇంకొకటి: ఏడాదిలో 90 రోజులు పనిచేసిన ప్రతి కూలీనీ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేయించండి.